చెయ్యెత్తని పైడిరాజు

తోడల్లుడికి ఏది దక్కినా ఓర్వలేని పైడిరాజు అనే తాపీమేస్త్రి భీమిలిలో ఉండేవాడు. అత్తగారు చిన్నల్లుడు సన్యాసినాయుడికి చేపల పులుసులో తలకాయ వేస్తే, ఆ పూట పెద్దల్లుడికి ముద్ద దిగేది కాదు. వంజరం పులుసు ఆవిడ చేతుల్లో అమృతంలా ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

ఒకనాడు తోడల్లుళ్ళిద్దరూ ఒకే మోటారుసైకిలు మీద వస్తుంటే లారీ గుద్దింది. ఇద్దరి కాళ్ళూ నుజ్జయ్యాయి. విశాఖపట్నంలో ఆపరేషన్లు చేశాక డాక్టరమ్మ వచ్చింది.

"గాయాలకు ప్రాణవాయువు చాలడం లేదు. గాలి ఒత్తిడి పెంచిన గదిలో కూర్చోబెట్టి ఆక్సిజన్ పట్టిస్తాం. కాళ్ళు దక్కాలంటే అది కావాలి. జలుబుంటే మాత్రం తగ్గేదాకా ఆగాలి, లేకపోతే చెవులు దెబ్బతింటాయి" అంది.

"నాకేం లేదమ్మా" అన్నాడు పైడిరాజు, తుమ్ము బిగబట్టి.

"రాత్రంతా తుమ్మావు కదన్నయ్యా, చెప్పెయ్" అని సన్యాసి అతని చెవిలో గొణిగాడు.

"నోర్ముయ్! నేను బయట పడుంటే, నువ్వొక్కడివే కాలు బాగుచేసుకుని ఊరేగుదామనా?"

ఆ గది ఇనుప పీపాలా ఉంది. పూర్వం సముద్రంలో లోతుకు దిగేవాళ్ళ కోసం ఇలాంటివి కట్టేవారట. ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి తలుపు బిగించాక, "చెవి నొప్పెడితే చెయ్యెత్తండి, ఆపుతాం" అంది లోపలున్న నర్సు.

ఒత్తిడి పెరిగింది. సన్యాసి వెంటనే చెయ్యెత్తాడు. కాసేపు ఆపారు. వాడు ముక్కు మూసుకుని గాలి ఊది, చెవులు సర్దుకున్నాక తలూపాడు.

"అత్తగారి ముద్దుల అల్లుడు! ఈమాత్రం ఓర్చుకోలేడు" అని నవ్వాడు పైడిరాజు.

మళ్ళీ ఒత్తిడి పెంచారు. ఈసారి పైడిరాజు చెవిలో మేకు దిగినట్టయింది. చెయ్యి సగం లేచింది. ఎదురుగా సన్యాసి హాయిగా కూర్చున్నాడు. లేచిన చేత్తో పైడిరాజు తల గోక్కున్నాడు.

చెవిలో ఏదో టప్పుమంది. మెడ మీదికి నెత్తురు కారింది.

చెవి మానేదాకా గదిలోకి రావద్దన్నారు. ఈలోగా పాదం నల్లబడింది. రెండు వేళ్ళు తీసేశారు.

ఇంటికి వెళ్ళే రోజున సన్యాసి కర్ర ఊతంతో నడుస్తూ అతని మంచం దగ్గరికి వచ్చాడు. "అంత నొప్పెడితే చెయ్యెత్తలేదేం అన్నయ్యా?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

పైడిరాజు తన కట్టు వైపు చూసుకున్నాడు. "అప్పటికి నువ్వు దించేశావు కదరా" అన్నాడు.

అసూయపడేవాడు పక్కవాడి సుఖాన్నే చూస్తూ తన నొప్పిని దాచుకుంటాడు. చివరికి తనకు అందిన మేలును తానే పోగొట్టుకుంటాడు.