పంపు మీద టీ గ్లాసు

ఆ రోజు ప్రత్యూష ఒక మాట తేల్చుకుని మరీ ఫ్యాక్టరీ గేటు దాటింది. ఇక రెండింట్లో ఒకటి మానేయాల్సిందే.

పనిచేస్తూనే ఇంజనీరింగ్ డిగ్రీ చదివే అప్రెంటిస్ పిల్ల తను. వారంలో నాలుగు రోజులు విశాఖపట్నంలో ఓ పంపుల ఫ్యాక్టరీలో పని, మిగతా రెండు రోజులు రోడ్డుకి అవతలున్న కాలేజీలో చదువు. వినడానికి ఎంత బావుంటుంది! ఇంట్లోవాళ్లు చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నారు. పడేవాళ్లకి కదా తెలిసేది. కాలేజీలో పక్కమ్మాయి "నీ దగ్గర గ్రీజు వాసనే" అంటూ బెంచీ చివరికి జరుగుతుంది. ఫ్యాక్టరీలో స్పానర్ పట్టుకుంటే చాలు, ఫిట్టర్ అప్పలనాయుడు "ఎటు తిప్పాలో ఏ పేజీలో ఉంది మేడమ్?" అని అందర్నీ నవ్విస్తాడు.

ప్రత్యూష కూడా తక్కువదేం కాదు. దేని గొడవ దానిదేనని ఓ పద్ధతి పెట్టుకుంది. పని రోజుల్లో పుస్తకాల బ్యాగు ఫ్యాక్టరీ లాకర్లో ఉంటుంది. చదువు రోజుల్లో బూట్లూ టోపీ అదే లాకర్లోకి పోతాయి. ఒకదాని మొహం ఒకటి చూడకూడదు. అలా రెండేళ్లు నెట్టుకొచ్చింది, ఇక విసుగొచ్చింది.

పంపులు పరీక్షించే విభాగానికి పెద్ద ఖాదర్ వలీ గారు. ఆయనా ఒకప్పుడు పగలు పని చేసి, సాయంత్రాలు చదువుకుని ఇంజనీరైన మనిషే. మాటలు మహా పొదుపు. టీ దగ్గర మాత్రం ఆ పొదుపు ఉండదు.

"సార్, నేను కాలేజీ మానేస్తాను" అంది ప్రత్యూష, గుడ్ మార్నింగ్ కూడా చెప్పకుండా. "రెంటికీ చెడ్డ రేవడినైపోయాను. ఫిట్టర్లలో ఓ ఖాళీ ఉందట. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. నా చేతిలో పనుంది, నాకది చాలు."

ఆయన పరీక్షకి సిద్ధంగా ఉన్న ఓ పంపు వైపు చూపించారు.

"బాయిలర్లోకి వేడినీళ్లు తోసే పంపు. దానికీ మోటారుకీ జత కుదుర్చు. తర్వాత మాట్లాడదాం."

ప్రత్యూష మొహం వెలిగింది. ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? పంపు షాఫ్టూ, మోటారు షాఫ్టూ ఒకే గీత మీద ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా తిరిగేటప్పుడు కొట్లాడుకుంటాయి. మోటారు కాళ్ల కింద పల్చటి రేకు ముక్కలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, బోల్టులు బిగించి, తేడా చూపించే గేజీ తగిలించి చుట్టూ తిప్పింది. ముల్లు సున్నా దగ్గరే నిలబడింది. ఇంకోసారి తిప్పింది. కదల్లేదు.

"సున్నా సార్!"

ఖాదర్ వలీ గారు వంగి చూశారు. "సున్నాయే. భేష్."

అప్పలనాయుడు కూడా తొంగిచూసి కిక్కురుమనలేదు. ప్రత్యూషకి అదే పెద్ద సన్మానం.

ఖాదర్ వలీ గారు తన చేతిలో ఉన్న టీ గ్లాసుని తీసుకెళ్లి పంపు మీద పెట్టారు. మోటారు ఆన్ చేశారు. పంపు హాయిగా తిరిగింది. గ్లాసులో టీ కదలనైనా కదల్లేదు. ప్రత్యూష చేతులు కట్టుకుని నిలబడింది, చూశారా అన్నట్టు.

అప్పుడాయన వేడినీళ్ల వాల్వు తిప్పారు.

కాసేపు ఏమీ కాలేదు. పంపు ఒళ్లు మెల్లగా కాగుతోంది. కొత్త రంగు వాసన లేచింది. ఉన్నట్టుండి టీ మీద సన్నటి వణుకు మొదలైంది. వణుకు కాస్తా అలగా మారింది. గ్లాసు అంగుళం అంగుళం జరిగి, అంచుకొచ్చి, కింద పడి భళ్లున పగిలింది.

"అమ్మో, ఆపండి!" అని అరిచాడు అప్పలనాయుడు.

ఖాదర్ వలీ గారు ఆపారు. ప్రత్యూష పరుగున వెళ్లి బోల్టులన్నీ తడిమింది. ఒక్కటీ వదులవలేదు. గేజీ తగిలించింది. ముల్లు సున్నాని వదిలేసి ఎటో పోయింది. సిగ్గూ కోపం కలిసి ఏడుపొచ్చినంత పనైంది.

"నేను సున్నా పెట్టాను సార్. మీరూ చూశారు."

"చూశాను."

"మరి?"

"అప్పుడది చల్లగా ఉంది." ఆయన చీపురు తెచ్చి గాజుపెంకులు ఊడ్వసాగారు. ఊడుస్తూనే అడిగారు, "మొన్న శనివారం పరీక్ష ఎలా రాశావమ్మా?"

ఇదేం ప్రశ్న ఇప్పుడు? "బాగానే రాశాను సార్."

"ఏమడిగారు?"

"వేడెక్కితే ఇనుము ఎంత సాగుతుందో లెక్క..." నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది.

పంపు వైపు చూసింది. వేడినీళ్లకి దాని ఒళ్లంతా సాగి, షాఫ్టుని పైకెత్తేసింది. మోటారేమో ఉన్నచోటే ఉంది. ఆ లెక్కని ఆవిడగారు ఒక్క తప్పు లేకుండా రాసొచ్చింది!

"ఆ పుస్తకం ఎక్కడుంది?"

"బ్యాగులో సార్."

"బ్యాగు?"

"లాకర్లో."

ఖాదర్ వలీ గారు పెంకులు చేటలోకి ఎత్తుకుని వెళ్లిపోయారు.

ప్రత్యూష లాకరు తెరిచి బ్యాగు తెచ్చింది. పంపు పక్కనే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పంపు ఎత్తు కొలిచి, నీళ్ల వేడి ఎంతో చూసి లెక్క కట్టింది. గ్రీజు వేళ్లకి పుస్తకం అట్టంతా మరకలైంది. అవనీ అనుకుంది. పంపు చల్లారాక, లెక్కలో వచ్చినంత మందం రేకులు మోటారు కాళ్ల కింద అదనంగా పెట్టి బిగించింది.

అప్పలనాయుడు గేజీ చూసి కంగారుపడ్డాడు. "సున్నా రాలేదు చెల్లెమ్మా! మోటారు పైకుంది."

"రాకూడదన్నయ్యా" అంది ప్రత్యూష. గొంతులో బెరుకు లేదు. "వేడెక్కాక వస్తుంది."

ఈసారి తనే క్యాంటీన్‌కి వెళ్లి టీ తెచ్చి పంపు మీద పెట్టింది. తనే మోటారు వేసింది, తనే వేడినీళ్ల వాల్వు తిప్పింది. మొదట్లో టీ కాస్త వణికింది. అప్పలనాయుడు గ్లాసు వైపు చెయ్యి చాపబోతే "ఉండన్నయ్యా, ముట్టుకోకు" అంది. పంపు కాగేకొద్దీ వణుకు తగ్గుతూ వచ్చింది. పూర్తిగా వేడెక్కేసరికి టీ మీద మీగడ తెట్టు కట్టింది.

ఖాదర్ వలీ గారు గ్లాసు తీసుకుని, వేలితో తెట్టు పక్కకి నెట్టి, ఓ గుక్క తాగారు.

"సాయంత్రమైంది. పొద్దున ఏదో మానేస్తానన్నావే తల్లీ. ఏది?"

ప్రత్యూష మరకల పుస్తకాన్ని బ్యాగులో పెట్టుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుంది. జేబులోంచి తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టింది.

"లాకరు, సార్."