నురగా, సొరా

"సొర! వలలో సొరొచ్చీసింది! బల్లేలు తీయండర్రా!"

వీధి చివర్నుంచి నూకరత్నం వేసిన కేక గవరయ్య గురువు అరుగుదాకా వచ్చేసరికి, ఆమె తమ్ముడు దానయ్య ఆ అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో తత్త్వాలు చెప్పే గవరయ్యకి అతను శిష్యుడు. అప్పుడే గురువుని ఓ ప్రశ్న అడిగాడు. "గురువుగారూ, భయం పోయాక చూపు తేటపడుతుందా, చూపు తేటపడ్డాక భయం పోతుందా?"

ఊసుపోక అడిగిన ప్రశ్న కాదండోయ్ అది. దానయ్య పని చూడ్డమే. బావ ఎల్లాజీ ఒడ్డునుంచి లాగే అలివి వల వేసి, రెండు గుంపులచేత రెండు కొసలా తాళ్ళు లాగిస్తుంటే, ఇసుకదిబ్బ మీద నిలబడి నీళ్ళలో ఏముందో కనిపెట్టి తువ్వాలుతో చెప్పాలి. సముద్రం హోరులో కేక ఎవడికి వినపడుతుంది గనక? తువ్వాలు కుడికి చాపితే కుడితాడు లాగాలి, ఎడమకి చాపితే ఎడమతాడు. తలమీద గిరగిరా తిప్పితే మాత్రం ఎవడి తాడు వాడు వదిలేసి గట్టెక్కాలి. తాతలనాటి కట్టుబాటు. మొన్నామధ్య దానయ్య అలల నురగ చూసి సొరనుకుని గిరగిరా తిప్పేశాడు. అందరూ వదిలేశారు, వలనిండా పడిన చేప కాస్తా సముద్రంలో కలిసిపోయింది. ఆపైన ఇంకేముంది, ఊరంతా అతన్ని 'నురగా' అని పిలవడం మొదలెట్టింది. ఆఖరికి టీకొట్టువాడు కూడా, "ఏం నురగా, టీ మీద నురగ ఉంచమంటావా, తీసెయ్యమంటావా?" అన్నాడు. దాంతో దానయ్య దిబ్బ ఎక్కడం మానేశాడు.

కేక వినగానే అతను దిగ్గున లేచాడు. "మా పోలారావు నీళ్ళలో ఉన్నాడండీ!" అంటూ ఒడ్డుకేసి పరుగు తీయబోయాడు. పోలారావు అతని తమ్ముడు, రొమ్ములోతు నీళ్ళలో దిగి వల అంచు తొక్కిపట్టే మనిషి.

గురువు అతని జబ్బ పట్టుకున్నాడు. "అటు కాదు, దిబ్బ మీదికి. నీ తువ్వాలేదీ?"

"ఇంట్లో పడేశానండి."

గవరయ్య తన భుజమ్మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. ఇద్దరూ ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుండగా పైకెక్కారు. మధ్యాహ్నం దాటింది కాబట్టి ఎండ వీపు మీద పడుతోంది. పొద్దుటిపూటైతే సూర్యుడు ఎదురుగా ఉండి నీళ్ళు అద్దంలా మెరిసిపోతాయి, ఏనుగు ఈదినా కనపడదు. ఇప్పుడు అడుగున ఇసుక రంగు కూడా తెలుస్తోంది.

"ఏం కనపడింది?" అన్నాడు గురువు.

"సొరండీ!"

"అది నీ అక్క కేక. నీకు కనపడింది చెప్పు."

దానయ్య నీళ్ళమీదికి చూపు సారించాడు. "నలుపండీ. పడవంత."

"నురగేమో?"

"నురగైతే విడిపోతుంది. ఇది విడిపోవట్లేదు. తల వెడల్పు... వీపంతా తెల్ల చుక్కలు, ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు. గురువుగారూ, ఇది చుక్కల సొర! కరిచే జాతి కాదు."

"అయితే భయం లేదన్నమాట."

"ఎందుకు లేదండీ! దాని తోక తగిలిందా, మనిషి నడుం విరిగిపోదూ! వల బిగిసేకొద్దీ అది కొట్టుకుంటుంది. తోక మా తమ్ముడి పక్కనే ఉంది. వాడేమో అటు తిరిగి..."

మిగతా మాట అనకుండానే తువ్వాలు తలమీద తిప్పడం మొదలెట్టాడు.

కింద ఎల్లాజీ చూశాడు, చూసి పకపకా నవ్వాడు. ఒడ్డునున్నవాళ్ళకి సొర రెక్క ఒక్కసారే కనపడింది, అదీ అవతలి కొసన. "సొర అటుంటే మా బావమరిది ఇటు చూసి తిప్పుతున్నాడ్రా! మళ్ళీ చేపంతా వదిలేయమంటాడు. లాగండి, లాగండి!" జనం తాళ్ళు లాగుతూనే ఉన్నారు. ఒకడైతే, "ఒరే నురగా, దిగరా!" అని చెయ్యి ఊపాడు.

దానయ్యకి ఏడుపొచ్చినంత పనైంది. పరుగున దిగిపోదామా అనుకున్నాడు. దిగితే సొర ఎటుందో తనకీ కనపడదు. నిలబడి తిప్పుతూనే ఉన్నాడు.

వల బరువెక్కిందని పోలారావు తలెత్తాడు. దిబ్బ మీద అన్న, అన్న తలమీద గిరగిరా తిరుగుతున్న తువ్వాలు కనపడ్డాయి. నవ్వలేదు, ఎందుకని అడగనూ లేదు. వల వదిలేసి ఒడ్డుకేసి నడిచాడు.

అతను మోకాలిలోతుకి వచ్చాడో లేదో, వెనక ఇందాక తను నిలబడ్డ చోటే నీళ్ళు పగిలాయి. చుక్కల తోక ఒకటి నిలువునా పైకి లేచి ఫెడీమని పడింది. ఆ చప్పుడు మాత్రం దిబ్బదాకా వినపడింది.

"తాళ్ళొదిలీండ్రా! ఒడ్డుకి రండ్రా!" ఇప్పుడు అరిచినవాడు ఎల్లాజీ. తన చేతిలోని తాడే ముందు వదిలాడు. బల్లేలు పట్టుకొచ్చినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు. ఒక కొస వదులై వల నోరు తెరుచుకుంది. పైనుంచి దానయ్య కుడికి తువ్వాలు చాపాడు, గుంపువాళ్ళు కుడితాడు మళ్ళీ అందుకుని మెల్లగా లాగారు. ఆ పెద్ద ప్రాణి తనకేమీ తొందర లేనట్టు తిరిగి, లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. నీలంలో నలుపు కలిసిపోయేదాకా దానయ్య దాన్ని కళ్ళతో సాగనంపాడు. ఇంత అందంగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియదే, అనుకున్నాడు.

చేప సగం పోయింది. మిగిలిన సగంలో కవళ్ళ చేపలు అందరి గిన్నెలకీ వచ్చాయి. నూకరత్నం ఒడ్డునే పొయ్యి పెట్టి పులుసు కాచింది. పొద్దు వాలుతుండగా, పొద్దుట్నుంచీ పస్తున్న జనమంతా ఇసుకలో బారుగా కూర్చున్నారు. ఎల్లాజీ వచ్చి బావమరిది పక్కనే చతికిలపడి, "పెద్దముక్క వీడికెయ్యవే" అన్నాడు పెళ్ళాంతో.

పళ్ళెం అందుకున్న దానయ్య చేతులు ఇంకా వణుకుతున్నాయి. సిగ్గుపడి గురువుకేసి చూశాడు. "భయం పోనేలేదండీ. మరి నా ప్రశ్నకి జవాబు?"

గవరయ్య పులుసులో అన్నం కలుపుకుంటూ, "వణకని చెయ్యైతే తమ్ముడి కోసం తువ్వాలు అంతసేపు తిప్పేదా నాయనా? తిను," అన్నాడు.