ఎదిగే పిల్లకు కొన్న సైకిలు

కడపలో ఓబులేసు అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. కూతురికి ఏది కొన్నా, ఎదిగే పిల్ల కదా అని రెండు సైజులు పెద్దదే కొనేవాడు. యామిని గౌన్లు చీలమండలు దాటేవి. బూట్ల ముందు భాగంలో ఎప్పుడూ దూది కుక్కి ఉండేది.

జిల్లా సైకిలు జట్టులో చోటు సంపాదించాలని యామిని ఏడాదిగా సాధన చేస్తోంది. ఓబులేసు ముచ్చటపడి ఊళ్ళోకెల్లా మంచి రేసు సైకిలు బేరమాడాడు. అది ఒంటి చేత్తో ఎత్తగలిగినంత తేలిక. చక్రం తిప్పితే చప్పుడు లేకుండా తిరిగేది. బ్రేకు పడితే ఉన్నచోటే ఆగేది.

"అమ్మాయికి చిన్న సైజు సరిపోతుందన్నా," అన్నాడు అంగడివాడు.

"రెండిటికీ ఒకటే ధర అయితే చిన్నది తీసుకోవడానికి నేనేమన్నా వెర్రివాడినా?" అన్నాడు ఓబులేసు.

ఆ సైకిలు మీద యామిని ఎంత వంగినా వేళ్ళ కొనలే బ్రేకులకు అందేవి. ఒకరోజు కొండదారి దిగుతూ, మలుపులో బ్రేకు పట్టు చిక్కక ముళ్ళకంపలో పడింది. మోకాలు చీరుకుపోయింది.

"వచ్చే ఏడాదికి చేతులు పొడుగవుతాయిలే," అన్నాడు తండ్రి, మందు రాస్తూ.

ఎంపిక పందెం ఆ కొండదారిలోనే పెట్టారు. బయలుదేరే చోట యామిని కొత్త సైకిలును తండ్రి చేతికిచ్చేసింది.

"దీన్ని తొక్కను నాయనా. సాధన చేయించే మా సారు తన చిన్నప్పటి పాత సైకిలు ఇస్తానన్నాడు. అది నా కొలతది."

బంధువులంతా చూస్తున్నారు. ఓబులేసు ముఖం ఎర్రబడింది. "రంగు పోయిన ఆ డొక్కుదా? నలుగురిలో నా పరువు తీస్తావా?"

"పరువు నీది. మోకాళ్ళు నావి."

"ఎదురు చెప్పకు. ఎక్కు!"

"ఎక్కను. నువ్వెక్కు. నీకైతే సరిగ్గా సరిపోతుంది."

జనం గొల్లున నవ్వారు. ఓబులేసు విసురుగా స్కూటరెక్కి, కూతురు పడిన మలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. కోపం ఒకవైపు, భయం ఒకవైపు.

పాత సైకిలు బరువైనది. ఎక్కుడులో యామిని వెనకబడింది. దిగుడులో, సరిగ్గా ఆ మలుపులో, గొర్రెల మంద రోడ్డు మీదికి వచ్చింది. ముందున్న పిల్లలు కొందరు బెదిరి సైకిళ్ళు దిగిపోయారు. యామిని వేళ్ళు బ్రేకుల చుట్టూ నిండుగా బిగుసుకున్నాయి. సైకిలు నెమ్మదించింది. ఆమె మంద పక్కనుంచి జారుకుని ముందుకు సాగింది. మూడోదిగా గమ్యం చేరి జట్టులో చోటు సంపాదించింది.

మర్నాడు ఓబులేసు కొంత నష్టపోయైనా సైకిలును చిన్న సైజుకు మార్చుకున్నాడు.

"రెండేళ్ళకు ఇది చాలదేమో అన్నా?" అని అంగడివాడు నవ్వాడు.

"చాలకపోతే అప్పుడు చూద్దాం. ఈరోజు బ్రేకు పట్టాల్సింది ఈరోజున్న చేతులే," అన్నాడు ఓబులేసు.

ఎంత మేలైన వస్తువైనా వాడేవారికి అమరకపోతే పెట్టిన డబ్బు దండగే. అమరలేదని తెగించి చెప్పే పిల్లల మాట పెద్దలు వినాలి.