'లేదు' అన్న గడి

పరాంకుశం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, వెళ్ళి కనుక్కు రమ్మని చెప్పులు వేసుకోమంటారు. ఆసుపత్రుల కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పనిలో తలపండిన మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు ప్రోగ్రాములు వంటబట్టేలోగా చెప్పులు అరిగిపోయేవి.

ఆ రోజు అడిగింది సుహాసిని. ఊళ్ళోని కాన్పుల ఆసుపత్రిని బైపాస్ మీది పెద్దాసుపత్రి తనలో కలిపేసుకుంది. పదకొండు వేల మంది రోగుల వివరాలు సాయంత్రం నాలుగింటికి ఇటునుంచి అటు వెళ్ళాలి. ఇక్కడి ఏ గడిలోది అక్కడ ఏ గడిలోకి చేరాలో చూపించే పట్టీని వాళ్ళు మ్యాపింగ్ అంటారు. దాన్ని తయారుచేసింది సుహాసినే. రెండు రోజులుగా మాస్టారు సంతకం పెట్టకుండా నానుస్తున్నారు. ఆమెకు కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే నిలకడ లేదు.

"ఇక్కడ 'పడని మందులు' అని ఒక గడి ఉంది, అక్కడా ఉంది. ఇక్కడ 'లేదు' అంటే అక్కడా 'లేదు' అనే పడుతుంది. పేరూ కలిసింది, మాటా కలిసింది. ఇంకా దేనికి ఆగాలి మాస్టారూ?"

"అక్కడ 'లేదు' అని ఎప్పుడు రాస్తారు?"

"డాక్టరు రోగిని స్వయంగా అడిగి, సంతకం పెట్టాక."

"మరి ఇక్కడ?"

మాస్టారు చూపు ఆమె చెప్పుల మీదికి వెళ్ళింది. అప్పటికి రెండున్నర.

కాన్పుల ఆసుపత్రి కౌంటరులో రత్నమాణిక్యం అనే ఆవిడ ఏడేళ్ళుగా ఆ వివరాలు ఎక్కిస్తోంది. సంగతి అడిగితే నవ్వేసింది.

"ఆ గడి ఖాళీగా వదిలితే ఎర్రగీత వచ్చేస్తాదండి, కంప్యూటరు ముందుకెళ్ళదు. అందుకని అందరికీ 'లేదు' అని కొట్టేస్తాం."

"అడగరా?"

"ఈ లైను చూశారా? అడిగే తీరికేదండీ?"

లైన్లో మొదట నిలబడ్డ సన్యాసమ్మ ఈ మాటలన్నీ వింటూనే ఉంది. మర్నాడు పొద్దున ఆమెకు పెద్దాసుపత్రిలో గర్భసంచి ఆపరేషను. దానికి కాగితాలు తీసుకోవడానికి వచ్చింది.

"అమ్మా, నీకు పడని మందేమైనా ఉందా?" అంది సుహాసిని.

"ఎందుకు లేదమ్మా! ఒకసారి జొరానికి సూదేస్తే ఒళ్ళంతా దద్దుర్లు తేలి, ఊపిరాడక చచ్చి బతికాను. పెనిసిలినంట. ఇక్కడెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

తెర మీద ఆమె పేరుకెదురుగా 'లేదు' అనే ఉంది. నాలుగు దాటితే ఆ మాట పెద్దాసుపత్రికి చేరుతుంది. అక్కడ దానికి డాక్టరు సంతకమంత విలువ. సూది పట్టుకున్నవాళ్ళు ఇక రెండోసారి అడగరు. సుహాసినికి నిజంగా భయం వేసింది. సన్యాసమ్మ గడిలో అప్పటికప్పుడు మందు పేరు రాయించి, మిగతా వేలమంది మాటేమిటని గాబరాపడుతూ ఆఫీసుకు పరుగెత్తింది.

"ఆపేయండి మాస్టారూ! ఇక్కడున్నది 'లేదు' కాదు, 'అడగలేదు'. ఆ మాటలో ముందు సగం కౌంటరులోనే ఎగిరిపోయింది."

మాస్టారు నాలుగింటి పని ఆపించి, పట్టీని ఆమె ముందుకు జరిపారు. ఆమె ఎడమవైపు 'లేదు'కు ముందు పెన్సిలుతో 'అడగ' అని చేర్చింది. కుడివైపుకు వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"కానీ 'అడగలేదు' అని రాసుకునే చోటు పెద్దాసుపత్రి వాళ్ళ దగ్గర లేదండీ."

"లేదా?" అన్నారు పరాంకుశం మాస్టారు, ఆమె చెప్పుల వంక చూస్తూ. "అడగలేదా?"