వాకిట్లో తంగేడు

మారెన్నకు సిగ్గుగా ఉంది. ఆశ్రమానికి బియ్యం పంపే మిల్లు యజమాని శేషగిరి తెల్లారితే వస్తున్నాడు. వాకిట్లో ఒక్క గులాబీ మొక్క మిగల్లేదు. వానల్లేక అన్నీ మాడిపోయాయి. మిగిలింది చిదంబరయ్య స్వామి విత్తనం వేసి పెంచిన తంగేడు ఒక్కటే. పొద నిండా పసుప్పచ్చ పూలు.

"పోయినసారి ఆయన దీన్ని చూసి ముఖం చిట్లించాడు స్వామీ," అన్నాడు మారెన్న. "గుట్టల మీది కంపను వాకిట్లో పెంచుతారా అన్నాడు. ఇది తీసేస్తే ట్యాంకరుతో నీళ్లు తోలిస్తాడట, గులాబీలు వేయిస్తాడట. తీసేద్దామా?"

స్వామి లోపలికెళ్లి గడ్డపార తెచ్చి అతని చేతికిచ్చాడు.

"వేరు తెగకుండా తియ్యి. గుట్ట మీద నాటుకుందాం."

పొద్దున్నే మొదలుపెట్టాడు మారెన్న. నేల బండలా ఉంది. మోకాలి లోతు తవ్వినా వేరు కిందికే పోతోంది. నడుము లోతు తవ్వాడు. రెండు రాళ్ల సందున దూరి ఇంకా కిందికి పోయింది. అరచేతులు బొబ్బలెక్కాయి. రాళ్ల సందులో వేళ్లు పెట్టి చూశాడు. చల్లగా తగిలింది. తడి! ఊళ్లో బావులన్నీ ఎండిపోయిన ఏడాది ఇది.

గుంతలోనే కూలబడ్డాడు. పైన పూల మీద తేనెటీగలు తమ పని తాము చేసుకుంటున్నాయి.

కారు వచ్చి ఆగింది. వెనకే ట్యాంకరు.

"ఇంకా పీకలేదా?" అన్నాడు శేషగిరి దిగుతూనే. "నువ్వు తప్పుకో. మా డ్రైవరు గొడ్డలితో రెండు వేట్లేస్తాడు."

మారెన్న గుంతలోంచి పైకొచ్చి పొదకు అడ్డంగా నిలబడ్డాడు. స్వామి వైపు చూశాడు. ఆయన అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతున్నాడు. తలెత్తలేదు.

"గొడ్డలి బండిలోనే ఉండనీండయ్యా. ఈ చెట్టు ఇక్కడే ఉంటుంది."

"ఎవరి బియ్యం తింటున్నావో గుర్తుందా?"

"ఉంది. మీవే. రోజూ దండం పెట్టుకునే తిన్నాను. చెట్టు నరికితేనే బియ్యమంటే, లోపల మిగిలిన బస్తా కూడా తీసుకుపోండి."

శేషగిరి ముఖం ఎర్రబడింది. "విన్నారా స్వామీ, మీ శిష్యుడి మాటలు?"

"చెవులు బాగానే పనిచేస్తున్నాయి నాయనా," అన్నాడు స్వామి.

బస్తా డిక్కీలోకి ఎక్కింది. కారు వెనుదిరిగింది, దాని వెనకే ట్యాంకరు. దుమ్ము సర్దుకునేదాకా మారెన్న కదల్లేదు. వంగి, మట్టిని గుంతలోకి తోయసాగాడు.

స్వామి చేట పక్కన పెట్టి వచ్చాడు. తనూ కాస్త మట్టి తోసి, వేరు మీది మట్టిని పాదంతో గట్టిగా అదిమాడు.

"ఈ పూట గంజి పలచగా కాచు, మారెన్నా."