ఏనుగు కడుపు, ఉమ్మడి పొయ్యి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వానాకాలం వచ్చిందంటే పుల్ల అనేది మండదు. పొగే పొగ. ఆ ఏడు ముంగిస నూకాలమ్మ పిల్లకి దగ్గు పట్టుకుంది. వేడి జావ పోస్తే తప్ప తగ్గేలా లేదు.

అడవి పంచాయతీ కూర్చుంది. "గోబర్ గ్యాస్ పెడదాం," అంది పెద్ద దుప్పి. "డ్రమ్మూ గొట్టమూ పంచాయతీ ఇస్తుంది. లోపల వేసేది మాత్రం తలా కాస్త మీరే తేవాలి."

ఏం తేవాలో మీకు తెలుసుగా? నవ్వకండి. నవ్వితే కథ ఆపేస్తాను.

మర్నాడు అడవిదున్న తట్టెడు పేడ తెచ్చింది. దుప్పి దోసెడు తెచ్చింది. కుందేలు తన పెంటికలు ఆకులో పొట్లం కట్టుకుని మరీ తెచ్చింది.

అది చూసి ఏనుగు భీమేశం పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం కుందేలూ, ఈ మిరియాలతో పొయ్యి వెలుగుతుందా? ఎవరూ ఏమీ తేవద్దు. నేనొక్కణ్ణే చాలు. కాకపోతే మొదటి కుండ జావ నాది."

తేరగా వస్తే ఎవరు కాదంటారు? అందరూ సరేనన్నారు.

పొయ్యి భగ్గుమంది. మొదటి కుండ భీమేశం తాగాక, మిగిలిన జావతో నూకాలమ్మ పిల్ల కాస్త తేరుకుంది. అంతలో భీమేశం ఒక చెట్టు పచ్చి పనసకాయలన్నీ తినేశాడు. కడుపు బిగుసుకుపోయింది. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు మంట ఆరిపోయింది. పిల్లకి దగ్గు తిరగబెట్టింది.

అడవంతా తట్టలు పట్టుకుని వెళ్లి ఏనుగు వెనకాల నిలబడింది.

"ఇంతమంది చూస్తుంటే నాకెలా వస్తుందర్రా?" అన్నాడు భీమేశం, ఏడుపు మొహం పెట్టి.

నూకాలమ్మకి ఒళ్లు మండింది. "నా బిడ్డ ప్రాణం తీసుకెళ్లి ఈయన కడుపులో పెట్టాం. బుద్ధి లేనిది మనకే. పదండి, ఎవరిది వాళ్లు తెద్దాం."

అందరూ తలో పొదలోకి దూరారు. దున్న వేసింది, దుప్పి వేసింది, కుందేలు వేసింది. నూకాలమ్మ కూడా తన చిటికెడు వేసింది. మర్నాటికి మంట లేచింది. మొదటి జావ పిల్లకి పోశారు. ఆ పొయ్యి మీదే వాము నీళ్లు కాచి ఏనుగుకి పట్టారు.

ఆ తర్వాత ఏమైందో నేను చెప్పను. అందరూ పక్కకి పరిగెత్తారని మాత్రం చెబుతాను.

అప్పటినుంచి డ్రమ్ము దగ్గర వరసలో భీమేశం అందరికన్నా వెనక నిలబడేవాడు, తట్ట నెత్తిన పెట్టుకుని. కుందేలు కాస్త ఆలస్యమైతే చాలు, "మన మిరియాలు ఇంకా రాలేదేమర్రా?" అని కంగారు పడేవాడు.

నీతి: ఉమ్మడి పొయ్యికి ఒక్కడి బండెడు కన్నా తలా పిడికెడు మేలు.