పేరు ముందు మాట

జలీల్ ఒక్క మాట రాశాడు. ఆ మాట వల్ల మధ్యాహ్నమంతా మనసు మనసులో లేదు.

సముద్రం ఒడ్డున, సరుగుడు తోటల మధ్య ఉన్న దర్గాలో అతను బుర్హాన్ షా హజ్రత్ దగ్గర శిష్యుడు. ఇంగ్లీషులో ఎం.ఏ. చదివాడు. దర్గాకి వచ్చే బెస్తవాళ్లకి అర్జీలూ దరఖాస్తులూ ఊరికే రాసిపెట్టేవాడు. ఆ ఊళ్లో తనంత ఇంగ్లీషు వచ్చినవాడు లేడని అతనికి తెలుసు. అప్పుడప్పుడూ అవతలివాళ్లకీ తెలియజేసేవాడు.

ఆ రోజు సూరాడ పోలమ్మ వచ్చింది. కూతురు నూకరత్నాన్ని నర్సింగులో చేర్పించాలి. దరఖాస్తుకి రేపే ఆఖరు తేదీ.

"తండ్రి పేరు?" అడిగాడు జలీల్.

"సూరాడ దానయ్య."

"ఉన్నారా?"

"ఏటకెల్లినాడు బాబూ."

"ఎప్పుడు?"

"నాలుగేళ్లవుతాది."

జలీల్ తలెత్తలేదు. నాలుగేళ్ల కిందటి తుఫాను సంగతి అతనూ విన్నాడు. చేపల వేటకి పడవలో ముగ్గురు వెళ్లారు. ఇద్దరి శవాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. దానయ్య మాత్రం దొరకలేదు. దానయ్య పేరు ముందు 'లేట్' అని రాసి, తర్వాతి గడిలోకి వెళ్లాడు.

పోలమ్మ వంగి చూసింది. "నా పెనిమిటి పేరుకి ముందర సిన్న మాటేదో రాసినావు. ఏటది?"

"లేట్ అని."

ఆమె ఆ మాటను మరోసారి చూసింది. తర్వాత ముఖం విప్పారింది.

"లేటే బాబూ. శానా లేటయిపోనాది. పొద్దున్న జిరాక్సు కొట్టు కాడ రాయించబోతే, సచ్చిపోనాడని రాయాలన్నాడు ఆడు. కాయితం లాక్కుని ఒచ్చీసినాను. నువ్వే సరిగ్గా రాసినావు."

జలీల్ చేతిలో కలం ఆగిపోయింది. ఇప్పుడే వస్తానని కాగితం పట్టుకుని లోపలికి వెళ్లాడు.

హజ్రత్ చేటలో కందిపప్పు ఏరుతున్నారు. జలీల్ జరిగిందంతా చెప్పాడు.

"ఆమె తప్పుగా అర్థం చేసుకుంది, హజ్రత్. ఆ మాట పేరుకి ముందు వస్తే చనిపోయినవాడని. పేరు తర్వాత వస్తే ఆలస్యమైనవాడని. నేను ముందే రాశాను."

"ఒకటే మాటా?"

"ఒకటే. దాన్నుంచే మిగతావన్నీ పుట్టాయి. లేటర్ అంటే తర్వాత వచ్చేది. లాటర్ అంటే రెండింటిలో రెండోది. లాస్ట్ అంటే ఇక దాని వెనక ఏమీ లేనిది. లేటెస్ట్ అంటే అన్నిటికన్నా కొత్తది."

హజ్రత్ పప్పులోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టారు. "అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది, అన్నిటికన్నా కొత్తదా?"

"అవును."

"మరి ఉత్త లేట్ అంటే?"

"పోయినవాడు. లేకపోతే... ఇంకా రానివాడు." జలీల్ తడబడ్డాడు. ఎన్నోసార్లు పిల్లలకి చెప్పిన పాఠమే. ఇవాళ నోట్లోనే చిక్కుపడుతోంది. "నాకేం తోచడం లేదు, హజ్రత్. ఊరుకుంటే ఆమెను మోసం చేసినట్టు. చెబితే ఆమె కాగితం చింపేస్తుంది, పిల్ల సీటు పోతుంది. ఆ మాట కొట్టేద్దామంటే, అది లేకుండా దరఖాస్తు చెల్లుతుందో లేదో తెలియదు."

హజ్రత్ చేట దించి, చేతులు దులుపుకుని లేచారు. ఎండలోకి నడిచి, పోలమ్మ ఎదుట ఇసుకలోనే కూర్చున్నారు. పక్కన చోటు చూపిస్తే జలీల్ కూడా కూర్చున్నాడు.

"అమ్మా," అన్నారు హజ్రత్, "మా జలీల్ నీకొక ఇంగ్లీషు మాటకి అర్థం చెబుతాడట. నాకూ తెలియదు. ఇద్దరం విందాం."

ఆమె కొంగు సర్దుకుని జలీల్ వైపు తిరిగింది.

జలీల్ మొదటిసారి ఆమెను చూశాడు. నుదుటన రూపాయి కాసంత బొట్టు. రెండు చేతులకీ ఎర్రగాజులు. ఉప్పుగాలికి రంగు వెలిసిన పాతవి కావు, ఈ మధ్యే వేయించుకున్నవి.

"అది..." అన్నాడు. "ఆ మాటకి ఇంకో..."

హజ్రత్ అందుకోలేదు. ఎదురుచూశారు. గాలికి సరుగుడు చెట్లు హోరుమంటున్నాయి.

పోలమ్మే అతని చేతిలోంచి కాగితం మెల్లగా తీసుకుంది.

"నాకు తెల్దనుకున్నావేటి బాబూ? మా అత్త కాయితాలన్నిటా మా మావ పేరుకి ముందర ఇదే ఉండీది. ఆ మాట ఎందుకెడతారో నాకు ఎరికే."

జలీల్ తల వంచుకున్నాడు. "కొట్టేయమంటారా, అమ్మా?"

"వొద్దు, కొట్టీకు. పిల్లకి సీటు కావాల." ఆమె ఆ మాట మీద వేలు పెట్టి, దాని చుట్టూ ఒకసారి తిప్పింది. "ఒక్క మాటలోనే రెండూ ఎట్టినారు కదా ఆళ్లు. ఆఫీసోళ్లు ఒకటి సదువుకుంటారు. నాను రెండోది సదువుకుంటాను."

కాగితం మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. హజ్రత్‌కి దండం పెట్టి, జలీల్‌కి కూడా పెట్టబోయింది. అతను గబుక్కున లేచి నిలబడ్డాడు. రెండు గంటల బస్సు అందుకోవాలని ఆమె ఇసుకలో వడివడిగా నడిచి వెళ్లిపోయింది.

ఆమె మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూశారు.

"నేను ఆమెకి ఏం చెప్పి ఉండాల్సింది, హజ్రత్?"

"ఆమె నిన్ను ఏమడిగింది?"

"పేరు ముందున్న ఆ చిన్న మాట ఏమిటని."

"చెప్పావు కదా, నాయనా," అన్నారు హజ్రత్.